చిల్లర పనులే అసలు యాత్ర

చార్మినార్ చూపించడానికి గైడు ఉంటాడు. జ్వరానికి మాత్ర, ఆటోకు చిల్లర, ఫోనుకు సిమ్ కావాల్సి వచ్చినప్పుడు విదేశీ అతిథికి ఎదురయ్యేది మనమే. హైదరాబాద్‌లో ఒక జంట వెంట రెండు రోజులు తిరిగితే తెలిసొచ్చిన సంగతి ఇది.

ఉదయం తొమ్మిది కావస్తోంది. అబిడ్స్‌లో ఒక మందుల షాపు ముందు అమెరికా నుంచి వచ్చిన భార్యాభర్తలు నిలబడి ఉన్నారు. ఇద్దరికీ అరవై దాటాయి. ఒక మిత్రుడి ద్వారా నాకు పరిచయమయ్యారు. రాత్రి నుంచి ఆయనకు ఒళ్లు వెచ్చబడింది. ఆవిడ 'ఎసిటమినోఫెన్' కావాలన్నారు. కౌంటర్‌లోని కుర్రాడు అరలన్నీ వెతికి లేదన్నట్టు తల ఊపాడు. లోపలి నుంచి పెద్దాయన వచ్చి, "పారాసిటమాలేరా అది. వాళ్ల దేశంలో ఆ పేరుతో అంటారు" అన్నారు. షీటులోంచి నాలుగు మాత్రలు కత్తెరతో కత్తిరించి కవర్లో వేశారు. "ఏమైనా తిన్నాకే వేసుకోమనండి సార్. రేపటికి తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోమనండి" అని నాకు మరీ మరీ చెప్పారు.

"మా ఊళ్లో అయితే వంద మాత్రల డబ్బా కొనేవాళ్లం. ఈయన మాకెన్ని అవసరమో అన్నే ఇచ్చారు" అన్నారావిడ. ఆ కత్తెర మాట సాయంత్రంలోగా ఇంకో రెండుసార్లు వచ్చింది.

గంట కొట్టే బొమ్మ ముందు

రెండు ఇడ్లీలు తిని మాత్ర వేసుకున్నాక ఆయన తేరుకున్నారు. పన్నెండు గంటల లోపు సాలార్‌జంగ్ మ్యూజియానికి చేరాం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరణతో 1951లో ప్రారంభమైన మ్యూజియం ఇది. ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది. 1876లో బెంజోని చెక్కిన 'వెయిల్డ్ రెబెకా' ముందు ఆవిడ చాలాసేపు ఆగిపోయారు. పాలరాతి ముసుగు చాటున ముఖం కనిపిస్తుంటే అది రాయంటే నమ్మబుద్ధి కాదు.

జనమంతా మాత్రం గడియారం ముందే. గంట గంటకూ లోపలి నుంచి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి వెళ్తుంది. పన్నెండు దెబ్బలు చూడాలని స్కూలు పిల్లలు వరసగా కూర్చున్నారు. ఆయన నిలబడటం చూసి ఇద్దరు పిల్లలు జరిగి, "కూర్చోండి తాతయ్యా" అన్నారు. తాతయ్య అంటే ఏమిటని ఆయన అడిగారు. చెప్పాను. ఆ తర్వాత పరిచయమైన ప్రతివాళ్లకూ ఆయన ఆ మాట అప్పజెప్పారు.

రెండు ధరలు

1591 నాటి చార్మినార్ దగ్గర టికెట్ బోర్డు మీద రెండు రేట్లున్నాయి. భారతీయులకు 25 రూపాయలు, విదేశీయులకు 300. ఆవిడ బోర్డు చదివి, డబ్బు తీసి ఇచ్చారు. బోర్డు మీద రాసి అందరి ముందూ తీసుకునే ధర అది, దాని గురించి వాళ్లకు ఏ బాధా లేదు.

లాడ్‌బజార్‌లో లక్క గాజులు చేసే చోట ఆగాం. నిప్పుల మీద మెత్తబడిన లక్కను కడ్డీగా సాగదీసి, గుండ్రంగా వంచి, చివరలు అతికించి, వేడి తగ్గకముందే ఒక్కో రాయినీ అద్దుతున్నాడు పనివాడు. అతని చూపుడు వేలి చివర కాయకాచి ఉంది. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పక్కన గాజులు కొంటున్న మన ఆడవాళ్లకు ఏ ధర చెప్పాడో దుకాణదారు ఆవిడకూ అదే చెప్పాడు. ఆవిడ నాలుగు జతలు తీసుకున్నారు.

సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఒక ఆటో అతను మామూలుగా అయ్యేదానికి మూడు రెట్లు అడిగాడు. వాళ్లకు ఆ డబ్బు పెద్ద లెక్క కాదు. కానీ ఆ తర్వాత మంచినీళ్ల సీసా కొన్నప్పుడు కూడా ఆవిడ నా వైపు తిరిగి, సరైన ధరేనా అని అడిగారు. ఒక్కడు చెప్పిన దొంగ రేటు వల్ల పదిమంది నిజాయితీపరులను అనుమానించాల్సి వచ్చింది.

ఓటీపీ, ఐదు వందల నోటు

యాత్రలో సగం శ్రమ పెట్టిన పని సిమ్. పాస్‌పోర్టు, వీసా కాపీలు, ఇక్కడ తెలిసినవాళ్ల నంబరు అడిగారు. మొదటి షాపువాళ్లు రేపు రమ్మన్నారు. రెండో చోట నా నంబరు ఇచ్చాక పని మొదలైంది. ఇక్కడి నంబరు లేకపోతే కొన్ని యాప్‌లలో ఓటీపీ రాదు, ఓటీపీ లేనిదే వాటిలో క్యాబ్ బుక్ కాదు. రైళ్లలో విదేశీ యాత్రికులకు ప్రత్యేక కోటా ఉంది. విదేశీయులు కూడా యూపీఐతో చెల్లించేలా 2023లో జీ-20 సమయంలో ఏర్పాటు మొదలైంది. ఈ రెండిటి సంగతీ వీళ్లకు చెప్పినవాళ్లు లేరు.

ఇక చిల్లర. ఏటీఎంలో అన్నీ ఐదు వందల నోట్లే వచ్చాయి. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తీసుకుని నోటు చాపితే, హోటల్ యజమాని గల్లాపెట్టె వెతికి పదులూ ఇరవైలూ లెక్కపెట్టి చేతిలో పెట్టారు. "ఆటోలకు పనికొస్తాయి, ఉంచుకోండి" అన్నారు.

చప్పట్లు వినిపించాయి

మర్నాడు గోల్కొండ. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్స్ నుంచి వజ్రాల కోసం వచ్చిన టావెర్నియర్ తన యాత్రా గ్రంథంలో రాసుకున్న రాజ్యమిది. నీరసంగా ఉండటంతో ఆయన కోట ప్రవేశద్వారం దగ్గరే ఆగిపోయారు. ఆవిడా నేనూ మెట్లెక్కి కోట పైనున్న బాలాహిస్సార్ చేరాం. ద్వారం దగ్గరి గుమ్మటం కింద నిలబడి ఆయన చప్పట్లు కొట్టారు. అంత దూరం నుంచి ఆ చప్పుడు పైన స్పష్టంగా వినిపించింది. ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. శత్రువు వస్తే కబురు అందడానికి కట్టిన ఏర్పాటు ఆ రోజు భర్త క్షేమాన్ని భార్యకు చెప్పింది.

మన అమ్మానాన్నలు పిల్లల దగ్గరికి డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్లినప్పుడు ఇలాగే షాపుల్లో పేరు తెలియని వస్తువు కోసం తడబడతారు. అక్కడ ఎవరో ఒకరు ఓపిగ్గా విని సాయం చేస్తే ఆ మాట మనకు ఫోన్లో పదిసార్లు చెబుతారు. ఇక్కడికి వచ్చినవాళ్లూ అంతే.

అందుకే ఒక మనవి. మీ వీధిలో విదేశీ జంట కనిపిస్తే సెల్ఫీ అడిగే ముందు ఏమైనా కావాలా అని అడగండి. మనవాళ్లకు చెప్పే ధరే చెప్పండి. వంద నోట్లుంటే చిల్లర ఇవ్వండి. కేంద్ర పర్యాటక శాఖ హెల్ప్‌లైన్ 1363కు ఫోన్ చేస్తే ఇరవైనాలుగు గంటలూ విదేశీ భాషల్లో కూడా పలుకుతారు. ఆ నంబరు వాళ్లకు రాసివ్వండి. ఐదు నిమిషాల పని.