మూడు కాళ్ళ కుందేలు

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని వాదించిన వాని సామెత మనకందరికీ తెలిసినదే. కుందేలును గురించి మన ఇళ్ళలో పాతుకుపోయిన నమ్మకాలు కూడా మూడే. అడవి కుందేలు, పెంపుడు కుందేలు ఒకటేననేది మొదటిది. కారట్ దుంపే దాని ఆహారమనేది రెండవది. దానికి నీళ్ళు అక్కరలేదనేది మూడవది. ఈ మూడూ పొరపాటులే.

అబిడ్స్‌లో నివసించే మా విద్యార్థి ఒకడు చలికాలంలో ఒక తెల్ల కుందేలు పిల్లను కొని తెచ్చుకున్నాడు. మేడమీద రేకుల కింద తీగల పంజరం, పూటపూటకూ కారట్ ముక్కలు. నీళ్ళ గిన్నె లేదు. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం అది పక్కకు ఒరిగి చనిపోయింది. "సార్, మా తాతగారి ఊళ్ళో కుందేళ్ళు ఇంతకన్న ఎండలో బ్రతకడం లేదా?" అని అతడు అడిగాడు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసం.

రెండు వేరు జంతువులు

తెలంగాణ పల్లెలలో చెవులపిల్లి అని పిలిచే జంతువు మన దేశపు అడవి కుందేలు. మెడ వెనుక నల్లని మచ్చ ఉండుటచేత శాస్త్రజ్ఞులు దీనికి లీపస్ నైగ్రికోలిస్ అని పేరు పెట్టారు. హైదరాబాదు శివార్లలో చిలుకూరు వద్ద ఉన్న మృగవని జాతీయ వనంలో ఇది కనిపిస్తుంది. పంజరాలలో అమ్మే తెల్ల కుందేలు పుట్టిల్లు స్పెయిన్, పోర్చుగల్, దక్షిణ ఫ్రాన్స్ ప్రాంతాలు. దాని పేరు ఒరిక్టొలాగస్ క్యునిక్యులస్.

చెవులపిల్లి కణాలలో 48 క్రోమోసోములు, పెంపుడు కుందేలు కణాలలో 44 ఉంటాయి. కాబట్టి ఈ రెండింటికీ సంతానం కలగదు. పెంపుడు కుందేలు జాతి బొరియలు త్రవ్వుకొని అందులో ఈనుతుంది. పిల్లలు బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకొని పుడతాయి. చెవులపిల్లి బొరియ త్రవ్వదు. పొద కింద గడ్డి అణిగిన చిన్న గుంటలో పడుకుంటుంది. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్ళు తెరచుకొని పుడతాయి. తల్లి పగలంతా వాటికి దూరంగా ఉండి, చీకటి పడిన తరువాత వచ్చి పాలిస్తుంది. ఇది తెలియక కొందరు చేలో ఒంటరిగా కనిపించిన పిల్లను దిక్కులేనిదని జాలిపడి ఇంటికి తెస్తారు. అది సాధారణంగా బ్రతకదు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పట్టుట నేరం.

ఎండ చేసే పని

కుందేలుకు మనవలె చెమట పట్టదు. కుక్కవలె రొప్పి చల్లబడే శక్తి కూడా తక్కువ. అందుచేత దాని పొడవైన చెవులే దానికి విసనకర్రలు. చెవులలోని రక్తనాళాలు వెడల్పై, లోపలి వేడిని గాలిలోకి వదులుతాయి. అయితే వేడి ఎక్కువ ఉన్నచోటి నుండి తక్కువ ఉన్నచోటికే ప్రవహిస్తుంది. కుందేలు శరీరోష్ణత 39 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. మన నగరంలో ఏప్రిల్, మే నెలలలో నీడలోనే 40 డిగ్రీలు దాటే రోజులున్నాయి. అప్పుడు చెవులు వేడిని వదలలేకపోగా, బయటి వేడినే లోపలికి తీసుకుంటాయి. రేకుల కింద ఈ బాధ ఇంకా ఎక్కువ. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ చెట్ల నీడకు, సిమెంటు మేడకు గల భేదం మనకే తెలుస్తుంది కదా! చెవులపిల్లి పగలు పొదనీడన కదలక పడుకొని రాత్రి మేతకు పోతుంది. పంజరంలోని జీవికి పారిపోయే నీడ లేదు.

గడ్డే అన్నం

కుందేలు ఎలుక జాతిది కాదు. పైదవడ ముందు పళ్ళ వెనుక మరొక చిన్న జత ఉండుట మొదలైన కారణాలచేత 1912లో గిడ్లీ అనే శాస్త్రజ్ఞుడు దీనిని వేరే వర్గంగా నిర్ణయించాడు. దాని పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్ళు అరగకుంటే ఏడాదిలో 10 సెంటీమీటర్లకు పైగా సాగుతాయి. వాటిని అరగదీసేది పీచు గల గడ్డి.

జీర్ణకోశంలోని పెద్ద సంచిలో సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి మాంసకృత్తులను, బి విటమినులను తయారుచేస్తాయి. అవి మెత్తని ఉండలుగా బయటికి రాగానే కుందేలు మళ్ళీ తింటుంది. ఇది రోగం కాదు. ఆవు నెమరువేయుట వంటిదే. కారట్‌లోని చక్కెర ఎక్కువైతే ఈ సూక్ష్మజీవుల సమతూకం చెడుతుంది. కనుక కారట్ ఎప్పుడైనా పెట్టే మిఠాయి మాత్రమే.

ఇక నీటి సంగతి. చెవులపిల్లికి పచ్చి ఆకులలో, మంచులో కొంత నీరు దొరుకుతుంది. ఎండుగడ్డి తినే పెంపుడు కుందేలు కిలో బరువుకు రోజుకు 50 నుండి 100 మిల్లీలీటర్ల నీరు త్రాగుతుంది. వేసవిలో ఇంకా కావాలి.

పెంచదలచినవారికి

ఇంటిలో అన్నిటికన్న చల్లని గది, ఎప్పుడూ అందేటట్లు గడ్డి, నిండు నీటి గిన్నె, గంతులు వేయడానికి చోటు ఇవ్వగలిగితేనే కుందేలును తేవాలి. ఒక రోజు మేత ముట్టకపోతే వెంటనే పశువైద్యునికి చూపాలి. పెంచలేమని తోటలో వదిలిపెట్టుట దయ కాదు. అది కుక్కల, పిల్లుల పాలవుతుంది. ఒకవేళ బ్రతికి పెరిగినా ముప్పే. 1859లో ఆస్ట్రేలియాలో వేట కొరకు విడిచిన కుందేళ్ళు ఆ ఖండం పంటలనే తినివేశాయి.

మా విద్యార్థి ఇప్పుడు మరొక కుందేలు తెస్తానంటున్నాడు. ముందు మీ ఇంటిలో మధ్యాహ్నపు ఉష్ణోగ్రతను వారం రోజులు కొలిచి వ్రాసుకొని రమ్మన్నాను. నాలుగవ కాలును కళ్ళతో చూచిన తరువాతనే కుందేలును పట్టడం మంచిది.