కెమెరా అద్దెకు తెచ్చే ముందు

పాట తీస్తామంటూ కాలేజీ పిల్లలు నా దగ్గరికి వస్తే మొదట అడిగేది ఒకటే: "ఏ కెమెరా తీసుకోమంటారు?" వెంటనే రెండోది: "డ్రోన్ ఎవరి దగ్గర దొరుకుతుంది?" అప్పుడు నా ప్రశ్నలు మొదలవుతాయి. పాట ఎన్ని నిమిషాలు? పల్లవి ఎన్నో సెకనులో ఎత్తుకుంటారు? రెండో చరణానికి ముందు మ్యూజిక్ బిట్ ఎంతసేపు ఉంది? ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పాట ఇంకా మిక్సింగ్‌లోనే ఉందట. సరే, కెమెరా సంగతి అది అయ్యాక మాట్లాడుకుందాం అంటాను.

రాయ్‌పూర్‌లో ఛత్తీస్‌గఢీ పాటల వీడియోలు ఎడిట్ చేయడం నా పని. వారంలో కొన్ని గంటలు ఒక కాలేజీలో వీడియో పాఠాలు కూడా చెబుతాను. పుట్టి పెరిగింది ఇక్కడి డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో. నాన్న వాగన్ రిపేర్ షాపులో ఫిట్టర్. మా తాతగారిది పార్వతీపురం వైపు. అక్కడి నుంచి రాయ్‌పూర్ దాకా రైలు మార్గం 1931లో పూర్తయింది. మావాళ్లు వచ్చింది ఆ దారినే. కాలనీలోని తెలుగు పిల్లలు నన్ను అక్కా అంటారు, మిగతావాళ్లు దీదీ అంటారు. కెమెరా ప్రశ్న మాత్రం రెండు భాషల్లోనూ అదే.

ఈ ఊరికి పాటల చిత్రీకరణ కొత్త కాదు. మొదటి ఛత్తీస్‌గఢీ సినిమా 'కహి దేబే సందేస్' 1965లో వచ్చింది. తీసింది మను నాయక్, సంగీతం మలయ్ చక్రవర్తి. పాటలు రాసినాయన పేరు వింటే మనవాళ్లు చెవులు నిక్కబొడుచుకుంటారు: డాక్టర్ హనుమంత్ నాయుడు. మహమ్మద్ రఫీ అందులో ఛత్తీస్‌గఢీలో పాడారు. పాటను ముందు రికార్డు చేసి, తర్వాత దానికి పెదాలు కలిపిస్తూ తీసే పద్ధతి మన దేశంలో 1935 నుంచే ఉంది. కలకత్తా న్యూ థియేటర్స్‌లో నితిన్ బోస్ దాన్ని మొదలుపెట్టారు. అంటే పాట పూర్తయ్యాకే కెమెరా బయటికి రావాలన్న నియమం మా పిల్లల తాతల కంటే పాతది.

ఇంకొక పెద్దమనిషిని కూడా క్లాసులో తప్పకుండా తలుచుకుంటాను. దూరదర్శన్ కోసం 1981లో 'సద్గతి' తీయడానికి సత్యజిత్ రాయ్ రాయ్‌పూర్ దగ్గరి పల్లెలకు వచ్చారు. ఓంపురి, స్మితా పాటిల్, మోహన్ ఆగాషే నటించారు. బెంగాల్ కొట్ల గుమాస్తాలు పద్దులు రాసుకునే ఎర్రగుడ్డ అట్ట పుస్తకాలుంటాయి. రాయ్ తన సినిమాలు చాలావరకు అలాంటి పుస్తకాల్లోనే ముందు తీసుకున్నారు. ప్రతి షాట్‌కీ బొమ్మ, పక్కన మాటలు, దుస్తుల గీతలు, అవసరమైతే స్వరాలు. ఇది చెప్పగానే "ఆయన రాయ్ కదా దీదీ" అని జారుకోవాలని చూస్తారు. అంతటివాడికే పుస్తకం కావలసి వచ్చినప్పుడు మీకు ఒక్క కాగితమైనా అక్కర్లేదా అంటాను.

ఆ ఒక్క కాగితమే ఈ పనికి మూలం. పెద్ద కాగితం అడ్డంగా పెట్టి అయిదు గళ్లు గీయాలి. మొదటి గడిలో సమయం, సెకన్లతో సహా. రెండోదాంట్లో ఆ సెకన్లలో వినిపించే పాట లైను, లేదా 'వేణువు బిట్', 'డప్పు బిట్' అని. మూడోది చోటు. నాలుగోది మనుషులు, వాళ్ల బట్టలు. చివరిది షాట్: దూరమా, నడుమ దాకానా, మొహమా, చేతులా. నాలుగు నిమిషాల పాటంటే 240 సెకన్లు. సగటున మూడేసి సెకన్లకు ఒక షాట్ మారినా 80 షాట్లు కావాలి. ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు గది కాస్త చల్లబడుతుంది.

ఒక జట్టు సంగతి చెబుతాను. నలుగురు స్నేహితులు, ఇద్దరు మా కాలనీవాళ్లే. ఛత్తీస్‌గఢ్ పొలాల్లో పనిచేస్తూ ఆడవాళ్లూ మగవాళ్లూ ఒకరికొకరు జవాబుగా పాడుకునే దదరియా ఉంది కదా, ఆ పద్ధతిలో సొంతంగా పాట కట్టారు. అమ్మాయి తెలుగులో అడుగుతుంది, అబ్బాయి ఛత్తీస్‌గఢీలో బదులిస్తాడు. ముచ్చటైన ఊహ, పాట కూడా బాగుంది. ప్లాను మాత్రం ఇలా ఉంది: పొద్దున సిర్పూర్ లక్ష్మణ గుడి, తర్వాత ఘటారాణి జలపాతం, మధ్యాహ్నం పుర్ఖౌతీ ముక్తాంగణ్, సాయంత్రం తేలీబాంధా చెరువు గట్టు. అన్నీ ఒక్క రోజులో! సిర్పూర్, ఘటారాణి చెరో దిక్కు, రెండూ రాయ్‌పూర్ నుంచి 80 కిలోమీటర్లకు అటూఇటూ. ఆ రోజంతా తీసేది వ్యాను కిటికీలోంచి కనిపించే రోడ్డునే.

"ఈ పాటలో వాళ్లిద్దరూ ఎక్కడున్నారు?" అని అడిగాను. కాసేపటికి వాళ్లే తేల్చారు: ఆ పిల్ల రైల్వే క్వార్టర్ గుమ్మంలో, ఆ పిల్లాడు అభన్‌పూర్ వైపు వాళ్ల మామయ్య పొలంలో. రెండే చోట్లు. పాట మొత్తం ఆ గుమ్మానికీ ఆ గట్టుకీ మధ్య నడిచే మాటలే కాబట్టి, చోటు మారినప్పుడల్లా మాట చేతులు మారినట్టు తెలుస్తుంది. గుడీ జలపాతమూ ఉండుంటే చూసేవాడు ఊళ్లు లెక్కపెట్టుకునేవాడు. స్టూడెంట్ షూటింగులకు నా తీర్పు ఇదే: రెండు చోట్లకు మించితే పాట పలచబడుతుంది.

చోటు ఖాయమయ్యాక రెక్కీకి, అంటే దాన్ని ముందుగా చూసిరావడానికి వెళ్లాలి, అదీ షూటింగ్ చేయబోయే గంటకే. పొద్దున ఏడింటికి చూసిన పొలం మధ్యాహ్నం మూడింటికి వేరే పొలం. మా ఊళ్లో వెలుగుకు ఒక పేచీ ఉంది. కర్కటరేఖకు దక్షిణాన ఉన్నాం కాబట్టి మే ఆఖరి వారంలోనూ జూలై మధ్యలోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కనుబొమల నీడ కళ్లను మింగేస్తుంది. ఎంత అందగాడైనా పుర్రెలా కనిపిస్తాడు. అందుకే ఎండాకాలం పదకొండు నుంచి మూడు దాకా గడప లోపలి షాట్లు పెట్టుకోమంటాను. బయట తీయక తప్పకపోతే మొహం మీది నీడ పోవడానికి సినిమావాళ్లు థర్మకోల్ పట్టుకుంటారు, మా దగ్గర రెండు వెదురు కర్రలకు బిగించిన తెల్ల దుప్పటి ఉంటుంది. అది చాలు. చలికాలం ఎండ ఏటవాలుగా పడి మొహాలకు మంచిది కానీ డిసెంబరులో సాయంత్రం అయిదున్నర కాకముందే సూర్యుడు దిగిపోతాడు. ఎనిమిదింటికి రమ్మంటే పోహా, జిలేబీ తిని పదింటికి చేరే జట్టుకు ఆ రోజు మిగిలేది కొంచెమే.

పొలానికి ఇంకో గడియారం ఉంది. సెప్టెంబరులో రెక్కీకి వెళ్లినప్పుడు వరి నిండు పచ్చగా ఉంటుంది. పరీక్షలయ్యాక తీద్దామని వాయిదా వేస్తే దీపావళికి పసుపెక్కుతుంది, ఆపైన కోతలు, చివరికి మోళ్లు. కాగితంలో 'పచ్చని చేను' అని రాసుంటే తేదీ కూడా అక్కడే రాసుకోవాలి. రైతును ముందే అడగాలి. గట్టు మీదే నిలబడాలి, చేలోకి దిగకూడదు. మామయ్య పొలమైనా సరే.

ఇక పెదాలు కలిసే సంగతి. పిల్లలు పాటల షూటింగుల్లో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సెట్‌లో పాట వినిపించే యంత్రాన్ని మన సినిమావాళ్లు నాగ్రా అంటారు. స్టెఫాన్ కుడెల్‌స్కీ స్విట్జర్లాండ్‌లో 1951లో తయారుచేసిన టేప్ రికార్డరు పేరది. ఇవాళ ఫోనూ స్పీకరూ ఆ పని చేస్తున్నాయి. పాట ఫైలుకు ముందు సెకనుకొకటి చొప్పున మూడు 'బీప్'లు అతికించమంటాను. పాడేవాళ్లు ఊపిరి తీసుకుని మొదటి అక్షరం దగ్గరే అందుకుంటారు, లేకపోతే ప్రతి టేక్‌లోనూ మొదటి మాట మింగేస్తారు. స్పీకరు పాడేవాళ్ల పక్కనే ఉండాలి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. కెమెరా 34 మీటర్ల దూరంలో ఉంటే దాని మైకుకు పాట పదోవంతు సెకను ఆలస్యంగా అందుతుంది. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన అది రెండున్నర ఫ్రేములు. ఆ మైకు శబ్దాన్ని నమ్మి ఎడిటింగ్‌లో కలిపితే పెదాలు మాటకంటే ముందు కదులుతాయి. దూరం షాట్లకు పాడేవాళ్ల పక్కన నిలబడి చప్పట్లు కొట్టండి. చేతులు కలిసిన ఫ్రేము కళ్లకు కనిపిస్తుంది, మూడో బీప్ మీద కొడితే లెక్క కుదురుతుంది. పాడేవాళ్లు నిజంగానే గొంతెత్తి పాడాలి. ఊరికే పెదాలు ఆడిస్తే మెడ నరం కదలదు, అబద్ధం తెలిసిపోతుంది.

మా వాళ్లకు బాగా నచ్చే కిటుకు స్లో మోషన్. జుట్టు మెల్లగా ఎగరాలి, పెదాలు మాత్రం పాటతో సరిపోవాలి. దీనికి పాటను రెట్టింపు వేగంతో వినిపించి, సెకనుకు 50 ఫ్రేములతో తీసి, 25కు తగ్గించాలి. గొంతు ఎలుక గొంతయిపోయి మొదట అందరూ పడీపడీ నవ్వుతారు. ఆ వేగంలో పదాలు అందుకోవడానికి ఇంట్లోనే సాధన చేయాలి. లొకేషన్‌లో నేర్చుకుందామంటే వెలుగు పోతుంది. రాత్రి దీపాల కింద తీస్తే ఇంకో జాగ్రత్త: మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టరు సెకనులో 50వ వంతు గానీ 100వ వంతు గానీ పెట్టుకోవాలి. లేకపోతే ట్యూబులైటు, చవక ఎల్ఈడీ బల్బులు తెర మీద అలలు అలలుగా కొట్టుకుంటాయి.

డ్రోన్ మీద నాకు పెద్ద మోజు లేదు. ప్రతి పాటా అదే ఎత్తు నుంచి అదే చెరువును చూపిస్తోంది. పైగా మానా విమానాశ్రయం నగరానికీ నవా రాయ్‌పూర్‌కీ దగ్గరే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయం ప్రహరీకి 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా ఎగరేయకూడదు, 8 నుంచి 12 మధ్య 200 అడుగులు దాటకూడదు. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు రంగు చూడనిదే డ్రోన్‌కు అడ్వాన్సు ఇవ్వకండి. పురావస్తు శాఖ చూసే సిర్పూర్ లాంటి చోట్ల ట్రైపాడ్ పెట్టాలన్నా ముందుగా రాతపూర్వక అనుమతి కావాలి. కాలేజీ ప్రిన్సిపాల్ సంతకంతో ఒక ఉత్తరం జేబులో ఉంటే చెరువు గట్టు కాపలాదారు కూడా మాట వింటాడు.

రైలు పట్టాల మీద మాత్రం ససేమిరా. ఫిట్టర్ కూతుర్ని కనుక ఈ మాట గట్టిగానే అంటాను. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద పట్టాల మీదికి అక్రమంగా చొరబడితే ఆరు నెలల దాకా జైలు ఉంది. జైలు సరే, వెనక నుంచి వచ్చే గూడ్సు చప్పుడు ముందున్న స్పీకరు హోరులో వినపడదు.

బట్టల విషయంలో మేం ఒకసారి బాగానే పోట్లాడుకున్నాం. లుగ్‌రా చీర, మెడలో సుతియా, నాణేల దండ బాగుంటాయి. పండ్రీ గుడ్డల మార్కెట్టూ గోల్‌బజారూ తిరిగితే తక్కువలోనే దొరుకుతాయి, అమ్మమ్మల పెట్టెల్లోవైతే ఇంకా మంచివి. అయితే ఒక కుర్రాడు ప్రేమపాట మధ్యలో పంథీ అడుగులు పెడదామన్నాడు. పంథీ గురు ఘాసీదాస్‌ను కొలిచే సత్నామీల భక్తి నాట్యం. ఊపుగా ఉంటుంది, మాందర్ దరువుకు ఎవరికైనా కాలు ఆడుతుంది, నిజమే. అంతమాత్రాన అమ్మాయి వెంట పడే సన్నివేశంలో దూర్చే సరుకు కాదది. సత్నామీల ఇళ్లకెళ్లి పెద్దల్ని అడిగి రమ్మన్నాను. అడగకుండానే మానేశాడు.

పాట ఎవరిదన్న ప్రశ్న కూడా షూటింగ్‌కు ముందే తేలాలి. 2009లో 'ఢిల్లీ-6' సినిమాలో దేశమంతా విన్న 'ససురాల్ గేందా ఫూల్'కు మూలం ఛత్తీస్‌గఢ్ పాటే. ఎవరు కట్టారో తెలియని పాత బాణీ ఊరందరిదీ. ఎవరో స్టూడియోలో రికార్డు చేసి అమ్ముకుంటున్న ట్రాకు మాత్రం వాళ్లది, దాన్ని దించుకుని వీడియో చేస్తే యూట్యూబు ఇట్టే పట్టేస్తుంది. ఇంటర్నెట్‌లో 'ఉచితం' అన్న బీట్లకు కింద షరతులుంటాయి, చదవండి. రాసిందెవరు, బాణీ ఎవరిది, పాడిందెవరు, రేపు నాలుగు డబ్బులొస్తే ఎలా పంచుకోవాలి అన్నవి ఒక కాగితం మీద రాసి నలుగురూ సంతకాలు పెట్టండి. స్నేహితులైతే మరీ ముఖ్యం.

షూటింగ్ రోజు ఇక చెప్పడానికి పెద్దగా ఏముండదు. ప్రతి చోటా ముందు పాట మొత్తాన్ని దూరం షాట్‌లో ఒకసారి పూర్తిగా తీసేయండి. తర్వాత ఏది కుదరకపోయినా ఆ ఒక్క టేక్ పాటను నిలబెడుతుంది. కాగితం ఒకరి చేతిలోనే ఉండాలి, అయిన షాట్‌ను వాళ్లే కొట్టేయాలి. ఆ మనిషి డైరెక్టరు కాకూడదు. నీళ్లు, ఓఆర్ఎస్, గొడుగు, సాయంత్రానికి గుప్‌చుప్ డబ్బులు మరవద్దు.

సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన తీసే 4కే వీడియో నిమిషానికి ముప్పావు జీబీ తింటుంది, గంటకు 45 జీబీ. కాబట్టి 64 జీబీ కార్డు గంటన్నర కూడా రాదు. ఖాళీ కార్డులు, ఛార్జి ఎక్కించిన బ్యాటరీలు ముందురోజు రాత్రే సంచీలో పెట్టుకోండి. ఇంటికొచ్చాక ఎంత నిద్ర ముంచుకొచ్చినా సరే, ఫుటేజీ రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కి, రెండూ తెరిచి చూసుకునే దాకా కార్డును ఫార్మాట్ చేయకండి.