అడవిలో నిప్పు చుక్కలు – తునికాకు బేరం

కాచిగూడ: ఇక్కడ మహబూబ్‌నగర్ బండి ఎక్కితే దారిలో షాద్‌నగర్ తగులుతుంది. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారి భూకేంద్రం అక్కడ ఉన్నది. ఉపగ్రహాల సమాచారం అక్కడ అందుకుని, అడవుల్లో నిప్పు రాజుకున్న తావులను పటం మీద చుక్కలుగా గుర్తిస్తారు. పత్తి, మిరప వర్తకులకు దీనితో అంతగా పనిలేదు గాని, తునికాకు యూనిట్లకు టెండరు వేసేవారు ఫిబ్రవరి నుంచి మే వరకు ఈ పటం మీద ఒక కన్ను వేసి ఉంచటం మంచిది.

తునికాకు కళ్లతో చూసి కొనే సరకు కాదు. 1971 చట్టంతో ఈ వర్తకం ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆకు చిగురించక ముందే యూనిట్ల బేరం జరిగిపోవటం మామూలు. ఫిబ్రవరి, మార్చిలో తుప్పలు నరికితే సుమారు నెలన్నరకు ఆకు కోతకు వస్తుంది. 50 ఆకులు ఒక కట్ట. 1000 కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు.

అందుచేత చుక్క పడిన తేదీ ముఖ్యం. చిగురుకు ముందు నేలమంట పాకితే తుప్ప మాడినా వేరు నుంచి పిలక లేస్తుంది. నిప్పు పెడితే చిగురు మెండుగా వస్తుందని కొన్నిచోట్ల నమ్మటం ఇందుకే. ఇప్పపువ్వు ఏరటానికి చెట్టు కింద చెత్త తగలబెట్టటం కూడా ఉన్నదే. అదే మంట ఏప్రిల్‌లో, ఆకు విచ్చిన తర్వాత వస్తే ఆ సీజను సరకు పోయినట్టే. ఆకు ఆరుతున్న కల్లానికి సోకితే కూలి డబ్బు కూడా బూడిదే.

అయితే చుక్కలు లెక్కబెట్టి, సరకు తగ్గిందని బిగపట్టే స్టాకిస్టులు పొరపడతారు. మోడిస్ పరికరం చూపే ఒక చుక్క కిలోమీటరు చదరం, అంటే 100 హెక్టార్లు. వీర్స్ పరికరానిది 375 మీటర్ల చదరం, సుమారు 14 హెక్టార్లు. ఆ చదరంలో ఒక మూల మంట ఉన్నా, వేడి చుట్టుపక్కల కన్నా మించితే చుక్క పడుతుంది. మొత్తం కాలిందని అర్థం కాదు. మబ్బు కమ్మినా, ఉపగ్రహం దాటిపోయాక మంట లేచి ఆరిపోయినా చుక్కే పడదు. నిజంగా కాలిన విస్తీర్ణం తరువాత 56 మీటర్ల వివరం ఉండే చిత్రాల వంటి వాటితో తేలాలి. బజారు వదంతి అంతదాకా ఆగదు మరి!

డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఈ చుక్కల కబురును రాష్ట్రాల అటవీ శాఖలకు పంపుతున్నది.

ఎండల ధోరణి కూడా గమనించదగ్గది. 2023 ఫిబ్రవరిలో దేశ సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 29.54 డిగ్రీలు, 1901 నుంచి అప్పటివరకు ఆ నెలకు అదే ఎక్కువ. ఎండ ముందే ముదిరితే రాలిన ఆకు ముందే పెళుసెక్కి, తుప్పలు నరికే రోజుల్లోనే నిప్పుకు సిద్ధంగా ఉంటుంది. అటువంటి ఏడాది ఆదిలాబాద్, ములుగు, కొత్తగూడెం వైపు యూనిట్లు తీసుకునేవారు మార్చి చుక్కలను, ఏప్రిల్ చుక్కలను వేర్వేరుగా రాసుకుని, కల్లం మనుషులను అడిగి సరిచూసుకున్న తరువాతే నిజామాబాద్, సిరిసిల్ల బీడీ కార్ఖానాలకు సరకు మాట ఇవ్వటం మేలు.