నడవాలనిపించే వీధి

హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు బయట పొద్దున్నే కార్లు, బైకులు బారులు తీరి ఉంటాయి. అన్నీ వాకింగ్‌కి వచ్చినవాళ్లవే. చెట్ల నీడన నాలుగు కిలోమీటర్లు చకచకా నడిచే మనిషే, ఇంటికెళ్లాక వీధి చివర పాల ప్యాకెట్ కోసం బండి తాళాలు వెతుక్కుంటాడు. దీన్ని బద్ధకం అనేయడం తేలిక, కానీ అన్యాయం. ఒళ్లు అదే, ఓపికా అదే. దారి ఒక్కటే వేరు.

ఆ దారిని కాస్త దగ్గరగా చూడాలి. ఫుట్‌పాత్ మోకాలెత్తున ఉంటుంది. ఎక్కి పదడుగులు వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కంచె. దిగి, చుట్టూ తిరిగి మళ్లీ ఎక్కితే షాపు ముందు అడ్డంగా బైకులు. ఆ తర్వాత ఊడిన పలక, దాని కింద మురుగు కాలువ. ఇంకాస్త ముందుకెళ్తే ఇంటింటి గేటుకూ కారు ఎక్కించే ర్యాంపు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ, చంకలో బిడ్డ ఉన్న తల్లి ఇలా ఎక్కుతూ దిగుతూ ఎంత దూరం పోగలరు? చివరికి అందరూ రోడ్డు అంచునే నడుస్తారు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు 32,825 మంది పాదచారులు బలయ్యారు. ఆ ఏడాది రోడ్ల మీద పోయిన ప్రాణాల్లో ఇది దాదాపు ఐదో వంతు. పిల్లల్ని నడిపించి బడికి పంపాలంటే తల్లిదండ్రులు జంకడంలో వింతేముంది?

అయితే ప్రాణభయం లేనంత మాత్రాన కాళ్లు కదలవు. వీధి విసుగు పుట్టించకూడదు కూడా. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త కొలిన్ ఎలార్డ్ 2011లో న్యూయార్క్‌లో కొందరి చేతికి చర్మ స్పందనలు కొలిచే పట్టీలు కట్టి వీధుల్లో నడిపించారు. పెద్ద సూపర్‌మార్కెట్ పొడవాటి బోసి గోడ పక్కన వాళ్ల ఉత్సాహం చప్పబడింది. కాస్త అవతల చిన్న హోటళ్లు, దుకాణాలు వరుసగా ఉన్నచోట మళ్లీ ప్రాణం లేచొచ్చింది. డెన్మార్క్ వాస్తుశిల్పి యాన్ గేల్ లెక్క కూడా ఇలాంటిదే: నూరు మీటర్లకు పదిహేను, ఇరవై దుకాణాలుంటే నడిచేవారి కంటికి నాలుగైదు సెకన్లకోసారి కొత్తదేదో తగులుతుంది.

ఆ లెక్కన మన బజార్లలో పూల బుట్ట, ఇడ్లీ బండి, చెప్పులు కుట్టేవాడి గొడుగు ఎంత విలువైనవో ఆలోచించాలి. పాదచారుల పేరు చెప్పి ముందు ఈ చిరువ్యాపారులనే తరిమేస్తారు, కార్లు మాత్రం అక్కడే ఆగుతాయి. రాత్రిపూట ఒంటరిగా వెళ్లే ఆడపిల్లకు దీపం వెలిగే ఆ బండే ధైర్యం. వీధి వ్యాపారుల కోసం 2014 నుంచి చట్టమే ఉంది. నడిచేవారికి దారి వదిలి, వాళ్లకూ చోటు గుర్తించడం అసాధ్యమేమీ కాదు.

నీడ సంగతి చెప్పనే అక్కర్లేదు. విజయవాడ మే నెల ఎండలో చెట్టు లేని రోడ్డు మీద ఎవరూ నడవరు.

వీధిని మారిస్తే మనుషులు నడుస్తారా? కోపెన్‌హాగన్‌లో 1962లో స్ట్రోయెట్ వీధిలో కార్లు ఆపేస్తామంటే బేరాలు పోతాయని వ్యాపారులు బెంబేలెత్తారు. ఇవాళ అది ఆ నగరంలో అత్యంత రద్దీ బజారు. అంత దూరం పోనక్కర్లేదు. చెన్నై టి.నగర్‌లో పాండీ బజార్‌ను 2019లో పునర్నిర్మించారు. వాహనాల చోటు తగ్గించి ఫుట్‌పాత్‌లు బాగా వెడల్పు చేశారు, బెంచీలు వేశారు. సాయంత్రాలు అక్కడ ఏమీ కొనకుండా ఊరికే తిరగడానికొచ్చే కుటుంబాలు కనిపిస్తాయి.

అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టం చేసింది. కొలతలు అంతకుముందే ఉన్నాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం నడిచే దారి ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పుండాలి, ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. కాలనీ సంఘాలు వార్డు ఆఫీసుకిచ్చే అర్జీల్లో ఈ అంకెలే రాసి అడగొచ్చు.