బందరు బ్యాంకు: పేరు పోయిన పిమ్మట

సికిందరాబాదు మారేడుపల్లినుండి కోఠికి బోవు ప్రయాణికుడు దిగవలసిన చోటు సమీపించినప్పుడు "ఆంధ్రా బ్యాంకు" అను మాట నేటికిని చెవిని బడుచుండును. కాని 2020 ఏప్రిలు 1వ తేదీన ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైనది. పలక మారినది, జనుల నాలుక మారలేదు. ఆ పేరు హైదరాబాదున బుట్టినది కాదు. ఓడలు రాక మానిన యొక రేవుపట్టణమున, మచిలీబందరున, పుట్టినది. ఆ పుట్టినింటి విషయమై మనకు గల బాధ్యతను గూర్చి రెండు మాటలు చెప్పదలచితిమి.

కోఠీ యన్న మాటకు వర్తకుల భవనమను అర్థము కలదు. బందరు అట్టి కోఠీలను చాలినన్ని చూచినది. డచ్చివారు ముందుగా వచ్చిరి. 1611లో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ వచ్చెను. మన అద్దకపు బట్టలు దేశదేశములకు బోయినవి. లాభము కోఠీలవారి పెట్టెలను జేరినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెన పట్టణమునందును పరిసరములందును ఇంచుమించు ముప్పదివేల మందిని బొట్టబెట్టుకొనెను. అటుపిమ్మట ఆ రేవు పూర్వవైభవమును మరల జూడలేదు.

సముద్రము చేయివిడిచిన పట్టణమును భూమి యాదుకొన్నది. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తియై, కృష్ణా డెల్టా వరిపొలమైనది. కాని పంట పండించిన రైతునకు పెట్టుబడి యెక్కడిది? నాట్ల వేళ అప్పు, కుప్ప నూర్చిన వేళ వడ్డీ. 1921లో మూడు ప్రెసిడెన్సీ బ్యాంకులు కలసి ఇంపీరియల్ బ్యాంకు అయినవి గాని, వాని చూపు ప్రభుత్వపు ఖజానాపైనను పెద్ద ఎగుమతి వర్తకముపైనను ఉండెనేగాని గ్రామస్థుని గాదెపై లేదు. దొరల కంపెనీలను నమ్మినవారి గతియు లోకమెరిగినదే. 1906లో చెన్నపట్టణమున ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీయగా దక్షిణదేశమున ఎన్నియో కుటుంబముల నిలువధనము మునిగిపోయినది. ఆ దెబ్బనుండియే 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టెను. మన ధనమునకు మనమే కాపరులము కావలెనను బుద్ధి నాడు కలిగినది.

ఆ బుద్ధిని బందరున కార్యరూపమునకు దెచ్చినవారు డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు. ఆయన వైద్యుడు; 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపకులలో నొకడు; 1948లో కాంగ్రెసు అధ్యక్షుడు. 1915లో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనకు బూనుకొనిరి. 1923 నవంబరు 20వ తేదీన ఆంధ్రా బ్యాంకు రిజిస్టరు చేయబడి, 28వ తేదీన వ్యవహారము ప్రారంభించెను. చెల్లించిన మూలధనము లక్ష రూపాయలు. అధీకృత మూలధనము పది లక్షలు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ వచ్చినది. ఉపన్యాసముచే స్వరాజ్యము రాదనియు, జమాఖర్చు పుస్తకము సరిగా వ్రాయ నేర్చిన జాతికే యది నిలుచుననియు ఆ పట్టణము చేతలతో జూపెను.

మరియొక విశేషమును పాఠకులు గమనింపవలెను. 1923లో ఆంధ్ర రాష్ట్రము లేదు. అది వచ్చినది 1953లో. రాష్ట్రమునకు ముప్పది యేండ్లు ముందుగనే యొక వర్తకసంస్థ ఆ పేరు దాల్చి, మదరాసు రాజధానిలో నొక మూలనున్న పట్టణమున తలుపు తెరచినది. పటములో లేని దేశము పద్దులలో నుండెను.

తరువాతి కథ విదితమే. ప్రధాన కార్యాలయము హైదరాబాదునకు తరలెను. సైఫాబాదులోని భవనము పట్టాభిగారి పేర వెలసెను. 1980 ఏప్రిలులో బ్యాంకు జాతీయము చేయబడెను. 2020లో బొంబాయి ప్రధానస్థానముగా గల సంస్థలో గలసెను. విలీనము మంచిదా చెడ్డదా యను వాదమును ఇచట దలపెట్టము. డిపాజిటుదారుని ధనము భద్రముగ నున్నది. భద్రముగ లేనిది జ్ఞాపకము.

ఈ విషయమున ఉడిపిని జూచి మనము నేర్చుకొనవలసినది కలదు. అదియు తీరప్రాంతపు చిన్న పట్టణమే. 1906లో హాజీ అబ్దుల్లా సాహెబుగారు ఐదువేల రూపాయలతో అచట బ్యాంకు స్థాపింపగా, మొదటి దినాంతమున నిలువ ముప్పదియెనిమిది రూపాయల పదుమూడణాల రెండు పైలు. అదియే పిమ్మట కార్పొరేషన్ బ్యాంకు. ఆంధ్రా బ్యాంకుతో పాటు అదే దినమున అదే సంస్థలో గలసినది. ఐనను ఉడిపివారు విలీనమునకు ముందే స్థాపకుని యింటిని, బ్యాంకు పుట్టిన యింటిని, నాణెముల ప్రదర్శనశాలగా నిలిపిరి. పలక పోయినను ఇల్లు సాక్ష్యము పలుకుచున్నది. మొదటినాటి నిలువ పైసలతోసహా మనకు దెలియుటకు అట్టి శ్రద్ధయే కారణము.

బందరునకు అట్టి సాక్షి యేది? పట్టాభిగారి స్మారకమును గూర్చిన మాటలు వినబడుచునే యున్నవి. విగ్రహము మంచిదే, కాని విగ్రహము లెక్క చెప్పదు. తొలి వాటాపత్రములు, పాసుపుస్తకములు, ధాన్యముపై నిచ్చిన అప్పుల కాగితములు, నాటి చిత్తు ఆవర్జాలు చెప్పును. అవి కృష్ణా, గోదావరి మండలముల భూస్వాముల ఇనుపపెట్టెలలోను, అటకలమీదను, సికిందరాబాదున స్థిరపడిన వారి సంతానపు గృహములలోను పడియుండుట కవకాశము కలదు. సముద్రపు చెమ్మయు చెదలును మన తీర్మానములకొరకు వేచియుండవు. గృహస్థులు తమ పెట్టెలు తెరచి చూతురుగాక. యూనియన్ బ్యాంకువారు బందరున ఒక్క గదిని ఆ కాగితములకై కేటాయించుట వారి సంపదలో లెక్కకు రాని వ్యయము.

2023లో బందరున నూతన నౌకాశ్రయమునకు శంకుస్థాపన జరిగినది. ఆంధ్రా బ్యాంకు పుట్టి నూరేండ్లు నిండిన సంవత్సరమును అదియే. ఓడలు మరల రానున్నవి. కొత్త కోఠీలు లేచును. ఆ వచ్చువారికి ఈ ఊరు ఒకనాడు తన ధనమును తానే కాపాడుకొన్నదని చూపుటకు మనయొద్ద ఒక పద్దుపుస్తకమైన ఉండవలదా?