చాప కట్టుకున్న పెద్దమనిషి - టోంగా కళలో పాతా కొత్తా
(కమ్యూనిటీ రేడియో ప్రసంగ పాఠం)



ఆక్లాండ్‌లో ఉండే మన తెలుగు పిల్లలు, ముఖ్యంగా కొత్తగా వచ్చిన ఇళ్ళ పిల్లలు, ఏదో ఒక ఆదివారం అమ్మానాన్నలను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "నాన్నా, ఆయన కోటూ టై వేసుకుని, నడుముకి చాప ఎందుకు చుట్టుకున్నాడు?" అని. చర్చికి వెళ్తున్న టోంగా పెద్దమనిషిని చూసి అడిగే ప్రశ్న అది. "తప్పు, అలా వేలు పెట్టి చూపించకూడదు" అని మనం అప్పటికి తప్పించుకుంటాం. మనకీ జవాబు తెలియదు కదా! ఈ వారం ఆ జవాబు చెప్పుకుందాం. ఆ చాప దగ్గర మొదలుపెట్టి, మ్యూజియంల్లోనూ, నగరం గోడల మీదా కనిపించే నేటి టోంగా కళ దాకా వెళ్దాం.

ఆ చాపని తాఓవాలా అంటారు. మొగలి జాతి ఆకులను ఎండబెట్టి, సన్నగా చీల్చి అల్లుతారు. దాని గురించి వాళ్ళలో ఒక కథ ఉంది. చాలాకాలం సముద్రం మీద తిరిగి వచ్చిన నావికులకు ఒంటి మీద సరైన బట్ట లేదట. అలా రాజు ముందుకు వెళ్ళడం మర్యాద కాదని, పడవ తెరచాపనే కోసి నడుముకి చుట్టుకుని వెళ్ళారట. ఇప్పటికీ తాఓవాలా కట్టుకోవడమంటే ఎదుటివాళ్ళకు గౌరవం ఇవ్వడమే. ఇంకో విశేషం వినండి. చాప ఎంత పాతబడి, అంచులు చిరిగితే అంత విలువ. ముత్తవ్వ కట్టిన చాపను మునిమనవడు కడితే, ఇంటి చరిత్రంతా నడుముకి చుట్టుకున్నట్టే. మన ఇళ్ళలో అమ్మమ్మ పట్టుచీర దాచుకోమా? అలాగన్నమాట.

టోంగా పసిఫిక్ సముద్రంలో దాదాపు 170 దీవుల చిన్న రాజ్యం. మనుషులుండే దీవులు వాటిలో కొన్నే. జనాభా లక్ష ప్రాంతం. పసిఫిక్ దీవుల్లో దాదాపు అన్నిటినీ ఎవరో ఒకరు పాలించారు గానీ, టోంగా మాత్రం తన రాజును తాను నిలబెట్టుకుంది. 1900 నుంచి 1970 దాకా బ్రిటిష్ రక్షణలో ఉన్నా, సింహాసనం మాత్రం టోంగా వాళ్ళదే. ఇప్పుడు స్వదేశంలో ఉన్నవాళ్ళకంటే న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, అమెరికాల్లో ఉన్న టోంగా వాళ్ళే ఎక్కువ. 2023 జనాభా లెక్కల్లో ఒక్క న్యూజిలాండ్‌లోనే 97 వేల పైచిలుకు మంది తాము టోంగా వాళ్ళమని రాయించుకున్నారు. వాళ్ళలో సగం పైగా ఇక్కడ పుట్టినవాళ్ళే. కాబట్టి "పిల్లలకు మన సంస్కృతి ఎలా అందించాలి?" అనే బెంగ మన ఇళ్ళలోనే కాదు, పక్కింట్లోనూ ఉంది. ఈ ప్రసంగానికి అసలు కారణం అదే.

టోంగా భాషలో కోలోవా అనే మాట ఉంది. సంపద అని అర్థం. అయితే వాళ్ళ లెక్కలో అసలైన సంపద ఆడవాళ్ళ చేతుల్లో తయారయ్యేదే. సన్నటి చాపలు, చెట్టు బెరడుతో చేసిన బట్ట, వాసన నూనెలు. పెళ్ళికీ, చావుకీ, పట్టాభిషేకానికీ ఇవి చేతులు మారాల్సిందే. అన్నిటికంటే గౌరవం ఎవరికో తెలుసా? మేనత్తకి! మెహెకితఙా అంటారు ఆవిడని. తండ్రి అక్కచెల్లెళ్ళ మాటకు తిరుగులేదు. శుభకార్యాల్లో మేలైన చాపలూ బట్టలూ మేనత్త వైపు వాళ్ళకే వెళ్తాయి. ఆడపడుచు లాంఛనాలు తెలిసిన మనకి దీన్ని ప్రత్యేకించి వివరించనక్కర లేదు.

ఆ బెరడు బట్ట పేరు ఙాతు. అక్షరమాలలో నేర్చుకుని మళ్ళీ ఎప్పుడూ వాడని మన "ఙ" అక్షరానికి ఇన్నాళ్ళకు ఒక పని దొరికింది చూడండి! హియాపో అనే చెట్టును, అంటే కాగితపు మల్బరీని, ఇందుకోసమే పెంచుతారు. కాండం కోసి, పై తొక్క గీకేసి, లోపలి తెల్లటి బెరడును నానబెడతారు. దాన్ని దుంగ మీద పరిచి, ఇకే అనే చెక్క సుత్తితో కొడతారు. కొట్టేకొద్దీ వెడల్పవుతుంది. టోంగా పల్లెల్లో ఆ టకటక చప్పుడే పగటి సంగీతం. అలా వచ్చిన పలచటి బెరడును రెండు పొరలుగా వేసి, దుంపల గంజితో అతికిస్తారు.

తరవాతి పని ఒంటరిగా అయ్యేది కాదు. ఆడవాళ్ళంతా పొడవాటి బల్లకు రెండు వైపులా కూర్చుంటారు. బల్ల మీద కుపేసి అనే నమూనా అచ్చులు బిగిస్తారు. వాటి మీద బట్ట పరిచి, కోకా చెట్టు బెరడు నుంచి తీసిన గోధుమరంగుతో రుద్దుతారు. మనం చిన్నప్పుడు నాణెం మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే బొమ్మ వచ్చేది, గుర్తుందా? సరిగ్గా అలాగే అచ్చు పైకి తేలుతుంది. ఒక భాగం అయ్యాక బట్టను జరుపుకుంటూ వెళ్తారు. యాభై భాగాలున్న ఙాతును లౌనిమా అంటారు. అది ఇరవై మీటర్లు దాటుతుంది. చివర్న గీతలను ముదురు రంగుతో చేత్తో దిద్దుతారు. మన పెడన అద్దకానికీ, కాళహస్తి కలం పనికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది ఈ పద్ధతి.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. ఙాతు మీద ఉండేవన్నీ పురాతన గుర్తులే అనుకుంటాం. మనులువా అనే జంట పక్షుల నమూనా నిజంగా చాలా పాతదే. కానీ రాజభవనానికి వెళ్ళే దారిలో దేవదారులాంటి చెట్లు నాటితే, ఆ దారీ ఙాతులోకి వచ్చేసింది. రాజముద్ర వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో టోంగా ప్రజలు చందాలు వేసుకుని బ్రిటన్‌కు స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలు కొనిచ్చారు. ఆ విమానాలూ ఙాతు మీద ఎగిరాయి! అంటే తమ కాలంలో జరిగినదాన్ని ఆ అమ్మమ్మలు తమకు తెలిసిన పద్ధతిలో రాసిపెట్టారు. వాళ్ళకెవరూ సమకాలీన కళాకారులని బిరుదివ్వలేదు గానీ, చేసింది అదే పని.

పోయినవీ ఉన్నాయి. 1830 ప్రాంతంలో హాఅపై దీవుల అధిపతి తౌఫాఆహౌ క్రైస్తవం స్వీకరించాడు. పాత దేవతలకు ఇక శక్తి లేదని అందరికీ చూపడానికి, చెక్కతో చెక్కిన దేవతామూర్తులకు తాడు కట్టి వేలాడదీశాడు. ఈయనే తరవాత టోంగాను ఏకం చేసి మొదటి జార్జి తుపో రాజయ్యాడు. దేశాన్ని నిలబెట్టినవాడూ, దేవతలను ఉరితీసినవాడూ ఒక్కడే! ఆనాటి మూర్తుల్లో మిగిలినవి చాలా కొద్ది. కెప్టెన్ కుక్ 1770లలో వచ్చినప్పటి నుంచీ ఓడలెక్కి వెళ్ళిన చెక్కిన గదలూ, బుట్టలూ ఐరోపా మ్యూజియంల్లో ఉన్నాయి. ఈరోజు ఒక టోంగా కుర్రవాడు తన తాతల చేతిపని చూడాలంటే విమానం టిక్కెట్టు కొనుక్కోవాలి.

ఈ వెలితిని నేటి కళాకారులు ఎలా పూడుస్తున్నారో చూద్దాం.

సోపోలెమలామా ఫిలిపే తోహీ 1959లో టోంగాలో పుట్టి, 1978లో న్యూజిలాండ్ వచ్చిన శిల్పి. ఆయన పట్టుకున్నది లలవ అనే విద్య. పూర్వం మేకులు లేని రోజుల్లో ఇళ్ళనూ పడవలనూ కొబ్బరి పీచు తాడుతో బిగించి కట్టేవారు. నులక మంచం అల్లినప్పుడు గళ్ళు ఏర్పడినట్టే, ఆ కట్టులోనూ రంగురంగుల నమూనాలు వస్తాయి. ఆ ముడుల్లో ఒక భాష ఉందని, పూర్వీకుల లెక్కలూ దారులూ అందులో ఉన్నాయని తోహీ గారి నమ్మకం. ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో ఫాలే పసిఫికా అనే పెద్ద భవనానికి ఎప్పుడైనా వెళ్తే తల ఎత్తి దూలాలు చూడండి. ఆ తాళ్ళ అల్లిక ఆయనదే. అదే అల్లికను ఆయన రాతిలోనూ లోహంలోనూ శిల్పాలుగా మలిచారు.

బెంజమిన్ వర్క్ ఆక్లాండ్‌లో గోడల మీద బొమ్మలు వేస్తూ ఎదిగిన చిత్రకారుడు. ఆయన మూలాలు ఒకటి టోంగా, ఇంకోటి స్కాట్లండ్. పాత యుద్ధ గదల మీద వేలెడంత మనుషుల బొమ్మలు చెక్కి ఉంటాయి. మ్యూజియం అరల్లో ఉన్న ఆ బొమ్మలను ఆయన ఎరుపు, నలుపు, తెలుపుల్లో గోడంత చేసి వీధిలో నిలబెట్టాడు. టిక్కెట్టు లేకుండా, స్కూలుకి నడిచివెళ్ళే పిల్లలకు కనిపించేలా.

దాగ్మార్ డిక్ టోంగా, జర్మన్ మూలాలున్న కుటుంబంలో ఇక్కడే పుట్టారు. ఎలామ్ కళాశాలలో పట్టా పుచ్చుకున్న మొదటి టోంగా సంతతి మహిళ ఆవిడే, 1995లో. చాపల, ఙాతుల నమూనాలు ఆవిడ రంగుల ముద్రణల్లో కొత్తగా కనిపిస్తాయి. బడిలో పిల్లలకు కళ నేర్పిన పంతులమ్మ కూడా.

విసేసియో సియాసౌ ఒక భారీ ఙాతు చిత్రానికి 2015లో న్యూజిలాండ్‌లో పేరున్న వాలెస్ కళా పురస్కారాల్లో ప్రథమ బహుమతి అందుకున్నాడు. పాత టోంగా దేవతలనూ శిలువనూ ఒకేచోట చూపించే పనులు ఈయనవి. 1830లో తాడుకు వేలాడిన ఆ దేవతలు గుర్తున్నారు కదా? చర్చి అంటే ప్రాణమిచ్చే సమాజంలో ఆ ప్రశ్న వేయడానికి ధైర్యం కావాలి.

కలిసోలైతే ఊహిలా ఇంకా కష్టమైన దారి పట్టాడు. 2012లో రెండు వారాలు ఒక ఆర్ట్ సెంటర్ చుట్టుపక్కల ఇల్లు లేనివాడిగా బతికాడు. అదే అతని కళాప్రదర్శన. 2014లో ఆక్లాండ్ ఆర్ట్ గ్యాలరీ దగ్గర మూడు నెలలు మళ్ళీ అలాగే ఉన్నాడు. అతిథికి లేదనకుండా పెట్టే సంస్కృతి నుంచి వచ్చినవాడు, ఈ నగరం తనను ఎలా చూస్తుందో ఒంటితోనే తెలుసుకున్నాడు. సిడ్నీకి చెందిన లతై తౌమోయెపౌ సముద్రమట్టం పెరగడం గురించి మాట్లాడడానికి, నీళ్ళు నిండుతున్న తొట్టెలో నాట్యం చేసింది. 2022 జనవరి 15న హుంగా టోంగా అగ్నిపర్వతం పేలి, సముద్రపు కేబుల్ తెగి, ఇక్కడి కుటుంబాలు రోజుల తరబడి ఇంటివాళ్ళ గొంతు వినలేక అల్లాడినప్పుడు, ఆ నాట్యం ఎందుకు చేసిందో చాలామందికి అర్థమయింది.

అయితే ఇవన్నీ సంస్కృతిని నిలబెడతాయా? పెద్దవాళ్ళకు అనుమానాలున్నాయి. ఙాతు గోడకు తగిలించే వస్తువు కాదు, ఇవ్వడానికి చేసేది. ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోతే గ్యాలరీలో ఎంత అందంగా ఉన్నా ఏం లాభం, అంటారు. అది కొట్టిపారేసే మాట కాదు. ఇంకో తగవు చూడండి. ఆక్లాండ్ చలిలో హియాపో తోటలు లేవు. అందుకని ఇక్కడి ఆడవాళ్ళు బజారులో దొరికే కృత్రిమ బట్ట మీద ఙాతు చేయడం మొదలుపెట్టారు. ఙాతు పేపా అంటారు దాన్ని. అది అసలు ఙాతేనా అని కొందరు ముక్కు విరిచారు. కానీ దాన్ని చేయడానికి ఆడవాళ్ళు మళ్ళీ ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు, పాటలు పాడుకున్నారు, పెళ్ళికి ఇచ్చారు. బెరడు పోయింది, బల్ల మిగిలింది. ఏది ముఖ్యమో మీరే ఆలోచించండి.

రెండూ నిలబెట్టుకున్న తల్లీకూతుళ్ళు కూడా ఉన్నారు. సులియెతి ఫియెమెయా బరోస్, ఆవిడ కూతురు తుయి ఎమ్మా గిల్లీస్. ఆక్లాండ్‌లో ఇద్దరూ కలిసి ఙాతు చేస్తారు. తల్లి పద్ధతి నేర్పుతుంది. కూతురు ఆ బట్ట మీద నేటి సంగతులు రాస్తుంది. అక్కడితో ఆగకుండా తల్లి సొంతూరు వవావు దీవుల్లోని ఫలెవైకి వెళ్ళి, అక్కడ మరుగున పడిన ఆ పనిని ఊరివాళ్ళతో మళ్ళీ మొదలుపెట్టించారు. వలస వెళ్ళినవాళ్ళు సొంతూరికి డబ్బు పంపడం మనకు తెలుసు. విద్యను తిరిగి పంపడం అరుదు.

చివరగా మన సంగతి. సంక్రాంతి ముగ్గుల్లో రథమూ, చెరుకుగడలూ వేసిన చేతులే "హ్యాపీ న్యూ ఇయర్" కూడా రాశాయి. ఎవరూ తప్పు పట్టలేదు. ఇక్కడ పుట్టిన మన అమ్మాయి చుక్కలు పెట్టి, మధ్యలో పొహుతుకావా పువ్వు వేస్తే "ముగ్గంటే ఇది కాదమ్మా" అనకండి. చుక్కలు లెక్క తప్పకుండా పెట్టడం నేర్పండి. పువ్వు ఏదన్నది తనకు వదిలేయండి. స్పిట్‌ఫైర్ విమానాన్ని ఙాతులోకి తెచ్చిన అమ్మమ్మలు చేసింది అంతే కదా.

మార్చి నెలలో పాలీఫెస్ట్ జరుగుతుంది. 1976లో ఓతారాలో ఒక బడిలో మొదలైన పండగ అది. టోంగా వేదిక దగ్గర లకలక చూడండి. వందమంది వరసగా నిలబడి, పాడుతూ చేతులతో కథ చెప్పే ఆ నృత్యాన్ని యునెస్కో కూడా 2003లో గుర్తించింది. కూచిపూడి నేర్చుకునే మన పిల్లలు ఆ చేతుల కదలికను ఇట్టే పట్టేస్తారు. ఈసారి మీవాడు చాప కట్టుకున్న పెద్దమనిషి గురించి అడిగితే, జవాబు చెప్పండి. వీలైతే ఆయన్నే అడగనివ్వండి. మర్యాదగా అడిగితే ఆ చాప ఎవరు అల్లారో, ఏ అమ్మమ్మదో సంతోషంగా చెబుతారు.