నల్ల కారుకు నల్ల అద్దాలు చల్లనా?

మే నెల మిట్టమధ్యాహ్నం చార్మినార్ చుట్టూ ఎండ నిప్పులు చెరుగుతుంది. పత్తర్‌గట్టి రాతి వరండాల నీడన జనం ఒదిగి నడుస్తుంటారు. ఆ వేళ రోడ్డు పక్కన ఆగి ఉన్న నల్ల కారు మీద చెయ్యి వేస్తే చురుక్కుమంటుంది. దాని పక్కనే ఉన్న తెల్ల కారు మీద వేస్తే అంతగా కాలదు. రెండింటి మీదా పడేది ఒకే ఎండ. నలుపు ఆ ఎండను మింగుతుంది, తెలుపు చాలావరకు తిప్పికొడుతుంది. ఇది మీరు పాఠంలో చదువుకున్నదే.

అందుకే ముదురు రంగు కారు కొన్నవారు చాలామంది అద్దాలకు సన్ ఫిల్ము వేయించాలనుకుంటారు. దుకాణానికి వెళ్ళి, “బాగా నల్లటిది వెయ్యి భాయ్, ఎండ ఆగాలి” అంటారు. ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది. నల్లగా ఉన్నందుకే కారు రేకు వేడెక్కుతోందని బాధపడేవారు, అద్దం కూడా నల్లబడితే కారు చల్లబడుతుందని ఎలా అనుకుంటున్నారు? ఈ ముడి విప్పి చూద్దాం.

కప్పు మీద ఇస్త్రీ పెట్టెలు

ఆకాశం నిర్మలంగా ఉన్న వేసవి మధ్యాహ్నం ఒక చదరపు మీటరు నేల మీద పడే సూర్యశక్తి సుమారు 1000 వాట్లు. కారు పైకప్పు రెండు చదరపు మీటర్లు ఉందనుకోండి. దాని మీద 2000 వాట్ల శక్తి పడుతుంది. అంటే రెండు ఇస్త్రీ పెట్టెలు ఆపకుండా పనిచేస్తున్నట్లే!

ఈ శక్తిలో ఎంత లోహంలోకి ఇంకుతుందన్నది రంగును బట్టి ఉంటుంది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలవారు ఒకే రకం కార్లు రెండింటిని, ఒకటి నలుపు, ఒకటి వెండి రంగు, ఎండలో నిలిపి పరీక్షించారు. ఫలితాలు 2011లో ప్రచురితమయ్యాయి. నల్ల రంగు తన మీద పడిన సూర్యశక్తిలో 5 శాతమే తిప్పికొట్టింది. వెండి రంగు 58 శాతం తిప్పికొట్టింది. వెండి రంగు కారు పైకప్పు నల్ల కారు కప్పు కన్నా 25 సెంటీగ్రేడు డిగ్రీల దాకా చల్లగా ఉంది. లోపలి గాలిలో తేడా మాత్రం 5, 6 డిగ్రీలే.

ఈ చివరి అంకెను గుర్తుంచుకోండి. కప్పులో అంత తేడా ఉన్నా లోపలి గాలిలో తేడా కొంచెమే ఎందుకుంది? కారులోకి వేడి వచ్చే దారుల్లో రేకు ఒకటి మాత్రమే. రెండో పెద్ద దారి అద్దాలు. రంగు ఏదైనా అద్దాల దారి తెరిచే ఉంటుంది. కాబట్టి నల్ల కారు వారు అద్దాల గురించి ఆలోచించడం సబబే. కాని అద్దం దగ్గర ఆపవలసింది దేన్ని?

కంటికి కనబడని సగం

భూమి మీదకు వచ్చే సూర్యశక్తిని 100 పాళ్ళు అనుకుంటే, అందులో మన కంటికి కనిపించే వెలుగు సుమారు 43 పాళ్ళు. అతినీలలోహిత కిరణాలు 5 పాళ్ళు. మిగిలిన 52 పాళ్ళు పరారుణ కిరణాలు. అంటే ఎండలో సగానికి పైగా మనకు అసలు కనిపించదు. చర్మానికి వెచ్చగా తగిలితేనే తెలుస్తుంది.

ఈ రహస్యం బయటపడింది కూడా నల్ల గాజు ముక్కల వల్లనే! 1800 సంవత్సరంలో ఇంగ్లండులో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త దూరదర్శినితో సూర్యుణ్ణి పరిశీలించడానికి రకరకాల రంగు గాజులను అడ్డుపెట్టి చూశాడు. కొన్ని గాజుల వెనక వెలుగు చాలా తక్కువగా ఉన్నా కంటికి వేడి తగిలింది. మరికొన్నింటి వెనక వెలుగు ఎక్కువగానే ఉన్నా వేడి అంతగా తెలియలేదు. వెలుగు ఆగినంత మాత్రాన వేడి ఆగినట్లు కాదన్నమాట. అప్పుడాయన పట్టకంతో సూర్యకాంతిని రంగులుగా విడదీసి, వేర్వేరు రంగుల్లో ఉష్ణమాపకం ఉంచి చూశాడు. ఎరుపు దాటిన తరువాత, ఏ రంగూ లేని చోట, పాదరసం ఇంకా పైకి ఎక్కింది. పరారుణ కిరణాలను మనిషి కనుగొన్నది అలాగే.

హెర్షెల్ గాజు ముక్కల్లో చూసిన తేడానే సన్ ఫిల్ము కొనేవారు ఈనాడు మరచిపోతున్నారు.

లెక్క వేసి చూద్దాం

రెండు ఫిల్ములు ఉన్నాయనుకుందాం. గాజు సంగతి కాసేపు పక్కన పెడదాం. రెండూ అతినీలలోహిత కిరణాలను పూర్తిగా ఆపుతాయి.

మొదటిది కారునలుపు. కనిపించే వెలుగులో 20 శాతమే పోనిస్తుంది. కాని అది ఉత్త రంగు ఫిల్ము కాబట్టి పరారుణంలో 80 శాతం దానిగుండా దూసుకుపోతుంది. లోపలికి వచ్చేది: 43లో 20 శాతం 8.6, 52లో 80 శాతం 41.6. మొత్తం 50 పాళ్ళు.

రెండోది దాదాపు తెల్లనిది. వెలుగులో 70 శాతం పోనిస్తుంది, పరారుణంలో మాత్రం 10 శాతమే. లోపలికి వచ్చేది: 30.1, 5.2. మొత్తం 35 పాళ్ళు.

చూశారా! చూపుకు తెల్లగా ఉన్నదే ఎక్కువ ఎండను ఆపింది. ఇంకొక సంగతి కూడా ఉంది. ఫిల్ము ఆపిన శక్తి మాయమైపోదు. తిప్పికొడితే బయటకు పోతుంది. మింగితే అద్దం వేడెక్కి, ఆ వేడిలో కొంత లోపలికే వస్తుంది. కారు పరుగెడుతున్నప్పుడు గాలి అద్దం వేడిని బయటకు లాగేస్తుంది. ఆగి ఉన్నప్పుడు ఆ సాయం ఉండదు.

బజారులో దొరికే ఫిల్ములు ముఖ్యంగా మూడు రకాలు. రంగు అద్దినవి చవక. ఇవి వెలుగును మింగుతాయి, కొన్నేళ్ళకు వెలిసిపోతాయి. లోహపు పూత ఉన్నవి ఎండను అద్దంలా తిప్పికొడతాయి. అయితే రేడియో తరంగాలకు కూడా అవి అడ్డు రావచ్చు. ముందు అద్దానికి అంటించే ఫాస్టాగ్, దారి చూపే జీపీఎస్ పనిచేసేది ఆ తరంగాలతోనే కదా! మూడో రకం సిరామిక్ ఫిల్ములు. వీటిలోని అతి సూక్ష్మమైన రేణువులు వెలుగును పోనిచ్చి పరారుణాన్ని పట్టేస్తాయి. ఖరీదు ఎక్కువ.

కాబట్టి దుకాణంలో “ఎంత నలుపు?” అని కాదు, “మొత్తం సూర్యశక్తిలో ఎంత శాతం ఆపుతుంది?” అని అడగాలి. “పరారుణాన్ని 95 శాతం ఆపుతుంది” అని దీపం వెలిగించి చూపితే తొందరపడకూడదు. ఆ కొలత పరారుణంలో ఒక చిన్న భాగానికే చెందినది కావచ్చు.

చట్టం, గుణకారం

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 100వ నిబంధన అద్దాల గురించినది. ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుగు రావాలని అది చెబుతుంది. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు, అద్దాలకు విడిగా ఏ ఫిల్మూ అంటించరాదని తీర్పు చెప్పింది. 2020లో నిబంధనను సవరించి, లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దాలను కూడా అందులో చేర్చారు. దాన్ని ఆధారం చేసుకొని 2024లో కేరళ హైకోర్టు, హద్దు దాటని ఫిల్ము అంటించవచ్చునంది. ఈ మార్పులన్నిటిలోనూ 70, 50 అనే అంకెలు మాత్రం కదలలేదు. తమ ఊళ్ళో ఏది అమలులో ఉందో ట్రాఫిక్ పోలీసులను అడిగాకే ఫిల్ము వేయించుకోవడం మంచిది.

ఇక్కడ గుణకారం తెలియక చాలామంది పొరబడతారు. కారు అద్దం 75 శాతం వెలుగును పోనిస్తుందనుకోండి. దాని మీద 60 శాతం పోనిచ్చే ఫిల్ము వేస్తే వచ్చేది 75లో 60 శాతం, అంటే 45. హద్దు దాటిపోయింది! ఫిల్ము 70 శాతానిదైతే 52.5 వస్తుంది. పక్క అద్దానికి అది సరిపోతుంది. ముందు అద్దానికి అదీ కుదరదు.

ఈ హద్దు ఊరికే పెట్టింది కాదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళ లాడ్‌బజార్ దగ్గర గాజుల దుకాణాల ముందు ఎంత జనం ఉంటారో, రంజాన్ నెల రాత్రుల్లో ఎంత రద్దీయో పాతబస్తీ పిల్లలకు చెప్పాలా? ఆ మసక వెలుతురులో నాలుగో వంతు వెలుగునే పోనిచ్చే అద్దం వెనక కూర్చున్న డ్రైవరుకు, రోడ్డు దాటుతున్న చిన్నపిల్ల కనిపించేది ఒక్క క్షణం ఆలస్యమైనా ప్రమాదమే. ఇంటివారికి మరుగు కావాలని నల్ల ఫిల్ము వేయించేవారూ ఉన్నారు. కాని రాత్రి కారులో దీపం వెలిగితే లోపలివారికి బయట కనిపించదు, బయటివారికే లోపలంతా కనిపిస్తుంది. మరుగు ఎప్పుడూ చీకటిగా ఉన్న వైపే!

సూర్యుడు ఏ వైపు?

హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల ఏటా మే 9 ప్రాంతంలోనూ, ఆగస్టు 3 ప్రాంతంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువు గోడకు నీడ ఉండదు. ఆ వేళ పక్క అద్దాల మీద నేరుగా పడే ఎండ చాలా తక్కువ. ఎండంతా కప్పు మీద, ఏటవాలుగా ఉన్న ముందు అద్దం మీద పడుతుంది. పక్క అద్దాలు ఎంత నల్లగా ఉన్నా అప్పుడు ఒరిగేది కొంచెమే.

ఉదయం, సాయంత్రం సంగతి వేరు. చార్మినార్ నాలుగు కమానులు నాలుగు దిక్కులకు తెరుచుకుంటాయి. గుల్జార్ హౌజ్ నుంచి మదీనా మీదుగా నయాపూల్ వైపు సాయంత్రం వెళ్ళే కారు ఉత్తరంగా పోతుంది. పడమటి ఎండ దాని ఎడమ అద్దాల మీద పడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే ఎండ కుడివైపున డ్రైవరు చేతి మీద పడుతుంది. పక్క అద్దాలకు ఉన్న మంచి ఫిల్ము ఉపయోగపడేది ఇలాంటప్పుడు.

మీరే చేసి చూడండి

ఒక నల్ల సన్ ఫిల్ము ముక్క సంపాదించండి. టీవీ రిమోటు ముందు భాగానికి దాన్ని బాగా చుట్టి బొత్తాం నొక్కండి. రిమోటు పంపేది పరారుణమే. టీవీ పలికితే, ఆ నలుపు గుండా పరారుణం దారి చేసుకుని పోతున్నట్లు. ఫిల్ము లేకుండా ఎంత దూరం నుంచి పలుకుతుందో, ఉంటే ఎంత దూరం నుంచి పలుకుతుందో కొలిచి రాసుకోండి. వేరే రకం ఫిల్ముతో పోల్చండి. ఒక్క హెచ్చరిక: ఆ ముక్కలోంచి సూర్యుణ్ణి మాత్రం ఎన్నడూ చూడకండి. వెలుగు తగ్గినా పరారుణం కంటిని దెబ్బతీస్తుంది.

ఏ ఫిల్మూ ఆపలేనిది

ఆగి ఉన్న కారులోకి ఎంత కొంచెం ఎండ వచ్చినా అది సీట్లను, ముందు పలకను వేడెక్కిస్తుంది. ఆ వేడి వస్తువులు వెదజల్లే పొడుగు తరంగాల పరారుణం గాజును దాటలేదు. వేడెక్కిన గాలికీ బయటకు దారి లేదు. 2005లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఎండలో నిలిపిన కారు లోపలి వేడి గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది. ఆ పెరుగుదలలో 80 శాతం మొదటి అరగంటలోనే వచ్చింది. అద్దాలు కాస్త దించినా పెద్దగా లాభం లేకపోయింది.

అందుకే ఎంత గొప్ప ఫిల్ము ఉన్నా, “ఐదు నిమిషాల్లో వస్తా” అనుకుని పసిపిల్లలను కారులో వదిలి వెళ్ళరాదు. పెద్దల కన్నా పిల్లల శరీరం త్వరగా వేడెక్కుతుంది. మీ తమ్ముణ్ణో చెల్లెలినో అలా ఉంచి వెళ్ళబోతుంటే పెద్దలకు గుర్తు చెయ్యవలసింది మీరే.

ముదురు రంగు కారుకు చవకైన ఉపాయాలు వేరే ఉన్నాయి. నీడన నిలపడం, ఆగినప్పుడు ముందు అద్దం వెనక మెరిసే అట్ట అడ్డుపెట్టడం, బయలుదేరే ముందు రెండు వైపులా తలుపులు తెరిచి వేడిగాలిని పోనివ్వడం. ఇవన్నీ చేశాక అప్పుడు ఫిల్ము సంగతి. దాన్ని ఎంచుకునేటప్పుడు నలుపును కాదు, అంకెలను చూడాలి.